డచ్చోళ్లు ఏ మ్యాపు అమ్మారు, ఏ మ్యాపు దాచారు, ఎందుకు?

1629 ఎండాకాలం. ఇప్పటి నెదర్లాండ్స్‌లోని డెన్ బాష్ అనే ఊరు స్పెయిన్ రాజు చేతిలో ఉంది, దాన్ని డచ్ సైన్యం నాలుగువైపులా చుట్టేసి కూర్చుంది, ఊరు లొంగుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. అయినా ఆమ్‌స్టర్‌డామ్ షాపుల్లో ఆ ముట్టడి మ్యాపులు అప్పటికే అమ్ముతున్నారు. దండు ఎక్కడ దిగింది, ఫిరంగులు ఎక్కడ పెట్టారు, కందకాలు ఎటునుంచి తవ్వుకుంటూ పోతున్నారు, అన్నీ అక్షరాలేసి కింద వివరంతో సహా ఉంటాయి. డబ్బులిచ్చే ఎవడైనా కొనుక్కోవచ్చు, వాడు స్పెయిన్ గూఢచారి అయినా సరే.

అదే ఊళ్లో, నడిచి పోయేంత దూరంలో, డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ల దగ్గర ఇంకోరకం మ్యాపులు ఉన్నాయి. తోలు మీద చేత్తో గీసినవి. ఓడ బయల్దేరేటప్పుడు లెక్కపెట్టి ఇస్తారు, తిరిగొచ్చాక లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. వాటిని గీసేవాడు బయటివాళ్లకి చూపించనని ప్రమాణం చెయ్యాలి.

డచ్చోళ్లు మ్యాపుల్లో మొనగాళ్లు కాబట్టి యుద్ధాలు గెలిచారు అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరి నిజంగా మ్యాపే ఆయుధం అయితే దాన్ని బజార్లో పెట్టి ఎవడైనా అమ్ముకుంటాడా? ఇది అర్థం కావాలంటే ముందు ఆ యుద్ధం ఎలాంటిదో చూడాలి, తర్వాత ఏ మ్యాపు ఎవరి పనికొచ్చిందో విడివిడిగా చూడాలి.

స్పెయిన్ మీద డచ్చోళ్ల తిరుగుబాటు 1568లో మొదలై 1648లో మున్‌స్టర్ సంధితో ముగిసింది, మధ్యలో 1609 నుంచి 1621 దాకా పన్నెండేళ్లు విరామం. ఎనభై ఏళ్ల యుద్ధం అంటారు గానీ బహిరంగ మైదానంలో రెండు సైన్యాలు ఢీకొన్న పెద్ద యుద్ధాలు అందులో చాలా తక్కువ, 1600లో నియూపోర్ట్ దగ్గర జరిగింది అలాంటి అరుదైన వాటిల్లో ఒకటి. మిగతాదంతా ముట్టడులే. ఒక ఊరు, దాని చుట్టూ మట్టి బురుజులు, బురుజుల చుట్టూ నీళ్లు, ఆ నీళ్ల చుట్టూ నెలల తరబడి తవ్వుకుంటూ కూర్చున్న సైన్యం. అక్కడి నేలలో చాలాభాగం సముద్రమట్టానికి కిందే ఉంటుంది, కరకట్టలూ లాకులూ లేకపోతే మునిగిపోతుంది. కాబట్టి గుర్రపు దళం ఎంత గొప్పది అన్నదానికంటే ఏ కట్ట ఎంత ఎత్తు, ఏ కాలవ ఎటు పారుతుంది అన్నదే అసలు ప్రశ్న.

అధికారం చేతిలో ఉన్న స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి ఈ సంగతి తిరుగుబాటుకి ముందే కొంత తెలుసు. 1558 ప్రాంతంలో యాకోబ్ వాన్ డెవెంటర్ అనే ఆయనకి ఆ ప్రాంతంలోని ఊళ్లన్నీ కొలిచి గీయమని పని అప్పజెప్పాడు. ఆయన రెండువందలకి పైగా ఊళ్లు గీశాడు, దాదాపు అన్నీ ఒకే స్కేల్లో, ఊరి గోడలు, వీధులు, చుట్టుపక్కల రోడ్లు, కాలవలు కలిపి. ఆ కాలానికి యూరప్‌లో ఇంత పద్ధతిగా చేసిన పని ఇంకోటి చూపించడం కష్టం. కానీ 1572లో గొడవలు ముదిరేసరికి ఆ పెద్దాయన కొలోన్‌కి పారిపోయాడు, 1575లో అక్కడే పోయాడు, మ్యాపులు స్పెయిన్ చేరి లైబ్రరీలో పడ్డాయి, 19వ శతాబ్దం దాకా పండితులకి కూడా వాటి ధ్యాస లేదు. యుద్ధం డెల్టాలో, మ్యాపులు మాడ్రిడ్‌లో.

తిరుగుబాటుదార్ల సంగతి చూస్తే వాళ్ల దగ్గర మొదట్లో అంత గొప్ప మ్యాపులేం లేవు. 1574లో లైడెన్ ఊరిని స్పెయిన్ సైన్యం ముట్టడిస్తే వీళ్లు చేసిన పని తెగింపుది: ఆగస్టులో మాస్ నది, ఐసెల్ నది కట్టలు కావాలనే తెగ్గొట్టారు, సొంత పొలాలు ముంచుకుని ఆ నీళ్ల మీద అడుగు చదునుగా ఉండే పడవల్లో ఊరిదాకా వెళ్దామని. నీళ్లొచ్చాయి గానీ దారిలో ఒక అడ్డకట్ట, అది తెంచితే ఇంకో అడ్డకట్ట. పడవలు బురదలో కూర్చున్నాయి, ఊళ్లో జనం ఆకలికి చస్తున్నారు. అక్టోబర్ మొదట్లో తుఫాను గాలి సముద్రపు నీటిని లోపలికి తోసింది, మట్టం లేచింది, 3వ తారీఖున పడవలు ఊళ్లోకి వెళ్లాయి. గెలిచారు, కానీ గెలిపించింది గాలి. ఎక్కడ ఏ కట్ట ఉందో తెలిస్తే చాలదు, ఎంత ఎత్తులో ఉందో తెలియాలి అన్న పాఠం మాత్రం అక్కడివాళ్లకి బాగా ఎక్కింది. పదమూడేళ్ల తర్వాత, 1587లో, ఆ మునిగిన పొలాలన్నిటినీ పైనుంచి చూస్తున్నట్టు ఒక పెద్ద గోడ తెరగా నేయించుకున్నారు, మ్యాపూ బొమ్మా కలిసిన వస్తువు, ఇప్పటికీ లైడెన్ మ్యూజియంలో ఉంది.

ఎత్తులు, కొలతలు అసలు ఎవరికి తెలుసు అంటే నీటి సంఘాలకి. డెల్ఫ్‌లాండ్, రైన్‌లాండ్, స్కీలాండ్ లాంటి పేర్లతో శతాబ్దాల నుంచి ఉన్న సంఘాలవి. కట్ట రిపేరు ఎవరి వాటా ఎంత, ఎవరి పొలం ఎన్ని ఎకరాలు, ఎవరు ఎంత పన్ను కట్టాలి అని తేల్చేది వాళ్లే. అందుకని వాళ్లకి లైసెన్సు ఉన్న సర్వేయర్లు కావాల్సొచ్చారు. ఈ సర్వేయర్లే యుద్ధంలోకి వచ్చారు, నా లెక్కలో డచ్ కథకి ఆయువుపట్టు ఇదే. డెల్ఫ్ట్‌కి చెందిన ఫ్లోరిస్ బాల్తాసార్స్‌ని చూడండి, ఆయన కంసాలి, రాగి రేకుల మీద చెక్కేవాడు, సర్వేయరు కూడా. 1610 తర్వాత డెల్ఫ్‌లాండ్, స్కీలాండ్, రైన్‌లాండ్ మ్యాపులు వరసగా తయారుచేసింది ఆయనే, అంతకుముందు డచ్ సైన్యాన్ని నడిపిన యువరాజు మౌరిట్స్ యుద్ధాల న్యూస్ మ్యాపులు చెక్కి అమ్మిందీ ఆయనే. కాలవ కొలిచే చెయ్యి, కందకం గీసే చెయ్యి ఒకటే అన్నమాట.

మౌరిట్స్‌కి లెక్కలంటే పిచ్చి. ఆయనకి లెక్కలు నేర్పిన సైమన్ స్టెవిన్, దశాంశ భిన్నాలు మామూలు జనం వాడుకునేలా 1585లోనే పుస్తకం రాసినవాడు, 1594లో కోటల నిర్మాణం మీద రాశాడు, 1600లో మౌరిట్స్ చెప్తే లైడెన్ యూనివర్సిటీలో ఇంజనీర్ల కోర్సుకి సిలబస్ తయారుచేశాడు. ఆ సిలబస్ నాకు భలే నచ్చుతుంది. పాఠాలు లాటిన్‌లో కాదు, డచ్‌లోనే, ఎందుకంటే నేర్చుకునేవాళ్లు వడ్రంగులు, మేస్త్రీలు, సర్వేయర్లు. సైనికుడికి అక్కర్లేని లోతైన జామెట్రీ పక్కన పెట్టేయ్యి, కూడికలు తీసివేతలు భిన్నాలు నేర్పు, తర్వాత పొలంలోకి తీసుకెళ్లి కొలిపించు, కాగితం మీద ఉన్నదాన్ని నేల మీద కట్టె పాతి చూపించమను, ఎండాకాలం వస్తే సైన్యంతో పంపు. మొదట్లో పాఠం చెప్పినవాళ్లల్లో లూడాల్ఫ్ వాన్ కూలెన్ ఒకడు, వృత్తాల లెక్కలో వచ్చే పై (π) విలువని 35 దశాంశ స్థానాల దాకా లెక్కగట్టిన మనిషి, అలాంటాయన మేస్త్రీలకి భిన్నాలు చెప్పాడు.

సర్వేయరు ముట్టడిలో చేసేది ఏంటి? ఊరి బురుజుల మీద ఫిరంగులున్నాయి, నువ్వు తిన్నగా కందకం తవ్వుకుంటూ పోతే ఆ ఫిరంగి గుండు కందకం పొడుగునా దొర్లుకుంటూ వచ్చి వందమందిని పడగొడుతుంది. అందుకని మలుపులు మలుపులుగా తవ్వాలి, ప్రతి మలుపు తర్వాత వచ్చే ముక్క ఏ బురుజు వైపూ నోరు తెరుచుకుని ఉండకూడదు. దీనికి ప్రతి బురుజు కోణం, దూరం ముందే తెలియాలి, దగ్గరికెళ్లి గొలుసు పరిస్తే కాల్చేస్తారు కాబట్టి దూరం నుంచి కోణాలు చూసి లెక్కకట్టాలి. దానికి వాడిన ఇత్తడి చక్రంలాంటి పరికరం గురించి యాన్ పీటర్స్ డౌ అనే రైన్‌లాండ్ సర్వేయరు 1612లో రాశాడు. ఇంకో సంగతి, కందకాలు తవ్వేది సైనికులే, తవ్వినందుకు జీతం కాక విడిగా డబ్బులు. ఎంత తవ్వారో కొలిచి రాస్తేనే బిల్లు. మన ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసే ఏఈ ఎలాగో అక్కడ సర్వేయరు అలాగ, యుద్ధం మధ్యలో నిలబడి. కొలత యూనిట్ రైన్‌లాండ్ రాడ్, అంటే పన్నెండు అడుగులు, ఇప్పటి లెక్కలో 3.77 మీటర్లు. పొలానికీ అదే, కందకానికీ అదే.

ఇప్పుడు డెన్ బాష్‌కి వద్దాం, ఎందుకంటే పైన చెప్పినవన్నీ ఒక్కచోట కనపడేది అక్కడే. ఈ ఊరి చుట్టూ చిత్తడి నేల, ‘డొమ్మెల్’, ‘ఆ’ అనే రెండు నదులు వచ్చి ఊరి దగ్గరే కలుస్తాయి, చుట్టూ నీళ్లే కోట. మౌరిట్స్ 1601లో ఒకసారి, 1603లో ఒకసారి ప్రయత్నించి వెనక్కి పోయాడు. 1629లో ఆయన సవతి తమ్ముడు ఫ్రెడరిక్ హెన్రీ దాదాపు 28 వేలమందితో వచ్చాడు, చేతిలో డబ్బు కూడా ఉంది, ముందటేడే పీట్ హైన్ క్యూబా దగ్గర స్పెయిన్ వెండి ఓడల్ని కొట్టేశాడు కదా. ఫ్రెడరిక్ హెన్రీ ఊరి మీదకి దూకలేదు, ముందు ఊరి చుట్టూ 40 కిలోమీటర్లకి పైగా కట్ట, కందకం కట్టించాడు. రెండు నదులకీ అడ్డుకట్ట వేసి ఆ నీళ్లని ఈ కొత్త కందకంలోకి మళ్లించి ఊరి బయటనుంచి తిప్పి పంపించాడు. అంటే ఊరికి కాపలాగా ఉన్న నీళ్లే ఇప్పుడు ముట్టడికి కాపలా. లోపల మిగిలిన చిత్తడిని గాలిమరలు, గుర్రాలు తిప్పే మరలు పెట్టి తోడించేశాడు. బేమ్‌స్టర్ సరస్సుని ఎండగట్టి పొలాలు చేసిన పనిలో ఉన్న మరల మేస్త్రీ లేగ్‌వాటర్‌ని ఇక్కడికీ పిలిపించారు. తడి ఆరిన నేలలో కందకాలు ముందుకి పాకాయి. సెప్టెంబర్ 14న ఊరు లొంగింది.

ఆ మ్యాపులు చూస్తే మధ్యలో ఊరు, ముళ్లున్న పువ్వులాగ బురుజులు, దక్షిణాన ఇసాబెల్లా కోట, ఆంటోనీ కోట, వాటి వైపు పాకుతున్న మెలికల గీతలు, చుట్టూ పెద్ద వలయం, వుగ్ట్ దగ్గర యువరాజు విడిది, హింటమ్ దగ్గర ఇంకో దళం, ఓర్టెన్ దగ్గర ఇంకోటి. ఒక మూల స్కేలు, రాడ్లలో. కింద అక్షరాల వరస. ఆమ్‌స్టర్‌డామ్ కాల్వర్‌స్ట్రాట్‌లో షాపు పెట్టుకున్న క్లాస్ యాన్స్ విస్సర్ లాంటివాళ్లు ఇలాంటివాటితోనే బతికారు. విస్సర్ అంటే జాలరి కాబట్టి షాపు గుర్తు కూడా జాలరే, ఆయన ప్రింట్లలో ఏదో ఒక మూల చిన్న జాలరి బొమ్మ దూరిపోయి ఉంటుంది, వెతకడం సరదాగా ఉంటుంది. రాగి రేకు మీద చెక్కితే ఒక సౌకర్యం, ముట్టడి ముందుకి జరిగితే అదే రేకు మీద కొత్త కందకం చెక్కి మళ్లీ అచ్చెయ్యొచ్చు.

మరి శత్రువు చూడడా? చూస్తాడు, చూడనీ. బురుజు మీద నిలబడ్డ స్పెయిన్ సైనికుడికి ఎదురుగా తవ్వుతున్న కందకం రోజూ కళ్లతో కనపడుతూనే ఉంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో చెక్కి అచ్చేసి చేరేసరికి అది నిన్నటి వార్త. దాచి లాభం లేదు. చూపిస్తే మాత్రం చాలా లాభం ఉంది. ఈ యుద్ధం ఖర్చులో సగానికి పైగా ఒక్క హాలండ్ ప్రావిన్సే భరించేది, అక్కడ బీరు మీద పన్ను, ఉప్పు మీద పన్ను, సబ్బు మీద పన్ను, దానికితోడు ప్రభుత్వానికి అప్పిచ్చి వడ్డీ తీసుకునే వేలమంది. నెలల తరబడి ఏ వార్తా లేని ముట్టడికి డబ్బు కడుతున్నవాడికి ఇదిగో నీ డబ్బు ఇక్కడ మట్టిగా లేచింది అని చూపించేది ఈ కాగితమే. అందుకే పాలకులు మ్యాపు అంకితమిచ్చిన చెక్కుడు పనివాళ్లకి బహుమానాలిచ్చేవాళ్లు, వేరేవాళ్లు కాపీ కొట్టకుండా హక్కులిచ్చేవాళ్లు. అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు, 1625లో స్పెయిన్ సేనాని స్పినోలా బ్రెడా ఊరిని పట్టుకున్నప్పుడు, స్పెయిన్ తరఫున అక్కడ పాలిస్తున్న యువరాణి ఇసాబెల్లా జాక్ కాలో అనే కళాకారుడితో ఆరు షీట్ల పెద్ద మ్యాపు చెక్కించింది, 1628లో వచ్చింది. చేతిపనిగా చూస్తే డచ్చోళ్ల న్యూస్ మ్యాపులు దాని ముందు దిగదుడుపే, ఒప్పుకోవాలి.

సముద్రం సంగతి దీనికి పూర్తిగా రివర్స్, అక్కడ కూడా అన్నీ దాచలేదు గానీ. 1584లో వాఖెనార్ అనే ఓడ పైలట్ యూరప్ తీరాల చార్టుల పుస్తకం అచ్చేశాడు, నాలుగేళ్లలో ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. ఉత్తర సముద్రంలో ఇసుక తిప్పలు ఎక్కడున్నాయో అందరు జాలర్లకీ తెలుసు, అది దాచడం వల్ల వచ్చేదేం లేదు, పుస్తకం అమ్మితే డబ్బులు. ఆసియా దారి అలా కాదు. ఆ దారి పోర్చుగీసోళ్లు దాదాపు వందేళ్లు దాచుకున్నారు, దాన్ని లాగిన పద్ధతి కూడా యుద్ధమే అనుకోవచ్చు. ప్లాన్సియస్ అనే మతబోధకుడు, మ్యాపుల పిచ్చోడు, పోర్చుగీస్ చార్టుల కాపీలు సంపాదించాడు. హౌట్‌మన్ సోదరులు 1592లో లిస్బన్ వెళ్లి సమాచారం తవ్వారు. గోవా ఆర్చ్‌బిషప్ దగ్గర గుమస్తాగా ఉన్న లిన్‌స్కోటెన్ చూసినవీ విన్నవీ అన్నీ 1596లో పుస్తకంగా వేసేశాడు. 1595లో మొదటి ఓడలు కదిలాయి, 1602లో కంపెనీ పుట్టింది, 1605లో మన మచిలీపట్నంలో వాళ్ల కొఠీ వెలిసింది, 1610లో పులికాట్.

ఇంకొకళ్ల రహస్యం దొంగిలించి పైకొచ్చినవాడికి తన రహస్యం ఎలా పోతుందో బాగా తెలుసు. అందుకే కంపెనీ చార్టులు అచ్చు కాలేదు, 1617లో హెస్సెల్ గెరిట్స్‌ని ఆఫీషియల్ మ్యాప్‌మేకర్‌గా పెట్టుకుంది, ఓడలు తిరిగొచ్చాక కెప్టెన్ల లాగ్‌బుక్కులు ఆయన దగ్గరికి వస్తాయి, ఆయన చార్టు సరిదిద్దుతాడు. మచిలీపట్నం తీరం చూడండి, ఒడ్డు మెరక, పెద్ద ఓడలు దగ్గరికి రాలేవు, దూరంగా లంగరేసి పడవల మీద గుడ్డల మూటలు మొయ్యాలి. ఎక్కడ ఎన్ని బారల లోతు, లంగరు పట్టే నేల ఎక్కడ, ఏ నెలలో గాలి ఎటు, ఇదీ అసలు సరుకు. ఇది ఇంగ్లీషువాడు ఒడ్డున నిలబడి చూస్తే దొరకదు, ఏళ్ల తరబడి ఓడలు తిరిగి, కొన్ని మునిగి సంపాదించాల్సిందే. శత్రువు రోజూ చూస్తున్నది అమ్ముకున్నారు, శత్రువు సొంతంగా సంపాదించడానికి ఓడలూ ప్రాణాలూ పోగొట్టుకోవాల్సింది దాచుకున్నారు.

రహస్య చార్టు ఉన్నంత మాత్రాన బతికిపోరు, అది వేరే సంగతి. డెన్ బాష్ ముట్టడి నడుస్తున్న అదే 1629 జూన్‌లో కంపెనీ ఓడ బటావియా ఆస్ట్రేలియా పడమటి తీరంలో హౌట్‌మన్ ఆబ్రోల్యోస్ దిబ్బలకి గుద్దుకుని పగిలిపోయింది. ఆ దిబ్బలు పదేళ్ల క్రితమే డచ్చోళ్లు చూసి పేరు పెట్టినవే. తాము ఏ రేఖాంశం మీద ఉన్నారో కొలిచే సాధనం అప్పటికి ఎవరి దగ్గరా లేదు కాబట్టి, దిబ్బ ఎక్కడుందో తెలిసినా ఓడ ఎక్కడుందో తెలీలేదు.

ఈ రెండు లోకాలూ ఒకే ఇంట్లో కలిసింది బ్లావ్ కుటుంబంలో. గెరిట్స్ పోయాక 1633లో విల్లెమ్ బ్లావ్‌కి కంపెనీ మ్యాపుల పని వచ్చింది, 1638లో కొడుకు యోవాన్‌కి. 1637లో పెట్టిన వాళ్ల ప్రెస్సులో తొమ్మిది అచ్చు యంత్రాలు, ఒక్కోదానికి ఒక్కో కళాదేవత పేరు. అక్కడినుంచి 1662లో వచ్చిన మహా అట్లాసు, దాదాపు 600 మ్యాపులు, రంగులు వేసింది 450 గిల్డర్లు, రాజులు కొనుక్కునే వస్తువు. అందులో ఆసియా ఉంటుంది, అందంగా ఉంటుంది, కానీ ఆ కాగితం పట్టుకుని ఓడ నడపమంటే ఏ కెప్టెనూ ఒప్పుకోడు. పనికొచ్చే ఆసియా ఇంకో గదిలో తోలు మీద ఉంది, రెండింటికీ ఓనరు అతనే. కంపెనీకి చార్టులు సప్లై చేసి బిల్లూ తీసుకునేవాడు, షాపులో అట్లాసూ అమ్మేవాడు.

దగ్గరి సముద్రంలో అందరికీ అమ్మిన చార్టుల వల్ల ఇంకో విచిత్రం జరిగింది. ఇంగ్లీషోళ్లు సొంత తీరం చార్టుల కోసం కూడా డచ్చోళ్ల మీదే ఆధారపడ్డారు. ఇంగ్లండ్‌తో యుద్ధం నడుస్తున్న 1667 జూన్‌లో డచ్ నౌకా సేనాని డి రైటర్ దళం థేమ్స్ నది నోట్లోకి వచ్చి, మెడ్‌వే మీదుగా చాతమ్ దాకా దూరి, అడ్డంగా కట్టిన గొలుసు తెంచి, వాళ్ల జెండా ఓడ రాయల్ చార్లెస్‌ని కట్టి లాక్కుపోయింది. తక్కువ లోతులో ఆ ఓడ తగలకుండా ఉండటానికి పక్కకి ఒరిగించి నడిపారు, అది చార్టు వల్ల అయ్యే పని కాదు, చేతివాటం ఉన్న పైలట్లు కావాలి, అందులో ఇంగ్లండ్ మీద అలిగి వచ్చిన ఇంగ్లీషోళ్లు కూడా ఉన్నారు. తర్వాత 1671లో లండన్‌లో జాన్ సెల్లర్ గొప్పగా ఇంగ్లీష్ సముద్ర అట్లాసు అని వేస్తే, చూడబోతే అందులో చాలా రేకులు డచ్చోళ్ల దగ్గర కొన్న పాత అరిగిపోయిన రాగి రేకులే. చివరికి 1681లో గ్రీన్‌విల్ కాలిన్స్‌ని పెట్టి సొంతంగా తీరం కొలిపించుకున్నారు, అది పుస్తకంగా వచ్చేసరికి 1693.

1672 మాత్రం ఈ అమ్మడం దాచడం లెక్కలో ఇమడదు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం దూసుకొచ్చింది, డచ్ కోటలు వరసపెట్టి పడిపోయాయి, జనం కోపంతో తమ నాయకుడు యోహాన్ డి విట్‌నే చంపేశారు. మిగిలిన దారి నీళ్లే. ముయిడెన్ నుంచి దక్షిణాన నదుల దాకా లాకులు తీసి, కట్టలు కోసి పొలాలు ముంచారు, రైతులు కొన్నిచోట్ల కత్తులు తీసి అడ్డం పడ్డారు, వాళ్ల బాధ వాళ్లది. ఇక్కడ కావాల్సింది కచ్చితమైన లోతు: మనిషి, ఫిరంగి బండి నడవలేనంత, పెద్ద పడవ తేలలేనంత, మోకాలి పైన. ఆ పొలాల మ్యాపులు ఎప్పటినుంచో అచ్చయి ఉన్నవే. కానీ ఏ లాకు ఎంత తీస్తే ఏ పొలం ఎంత మునుగుతుందో కాగితంలో ఉండదు, అది లాకు దగ్గర పుట్టి పెరిగినవాళ్ల చేతుల్లో ఉంటుంది. 1574లో గాలి మీద వదిలేసిన లెక్క వందేళ్ల తర్వాత వీళ్ల చేతికి చాలావరకు వచ్చింది. చాలావరకే, ఎందుకంటే డిసెంబర్‌లో నీళ్లు గడ్డకట్టాయి, ఫ్రెంచ్ సేనాని లక్సెంబర్గ్ దళాలు మంచు మీద నడిచొచ్చి బోడెగ్రావెన్, జ్వామ్మెర్‌డామ్ ఊళ్లని తగలబెట్టాయి. మంచు కరగడం మొదలయ్యేసరికి ముందుకి పోలేక వెనక్కి తిరిగారు.

బ్లావ్‌ల వెలుగు కూడా ఆ ఏడాదితోనే మసకబారింది, ఫిబ్రవరిలో ప్రెస్సు కాలిపోయింది, అధికారం మారాక యోవాన్‌ని నగర మండలి నుంచి తీసేశారు, మరుసటేడు పోయాడు. కంపెనీ మ్యాపుల రహస్యం మాత్రం ఇంకా ఎనభై ఏళ్లు నడిచింది. ఈలోగా ఇంగ్లీషోళ్లు, ఫ్రెంచోళ్లు తమ ఓడలు తిప్పుకుని, ముంచుకుని, తమ చార్టులు తయారుచేసుకున్నారు, 1745లో ఫ్రెంచ్ కంపెనీ కెప్టెన్ దాప్రే ద మన్నెవిలెట్ హిందూ మహాసముద్రం చార్టులన్నీ పుస్తకంగా అచ్చేశాడు. ఇక దాచి ఉపయోగం లేని సరుకైంది. 1753లో ఆమ్‌స్టర్‌డామ్‌కి చెందిన వాన్ కూలెన్ షాపు ఆ ఆసియా చార్టుల్ని తమ సముద్ర అట్లాసులో ఆరో భాగంగా అచ్చేసి అమ్మకానికి పెట్టింది.